బ్రోమోబెంజీన్: ఒక ప్రయోగశాల రసాయనం, దాని ప్రమాదాలు, ఉప్పల్ - నాచారం అనుభవం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• బ్రోమోబెంజీన్ ప్రయోగశాలల్లోకి ఎప్పుడు, ఎందుకు వచ్చిందో వివరించగలుగుతారు.
• అది కాలేయానికి చేసే హానిని శాస్త్రవేత్తలు ఏ క్రమంలో తెలుసుకున్నారో చెప్పగలుగుతారు.
• ఉప్పల్, నాచారం ప్రాంతం రసాయన పరిశోధనకు, ఉత్పత్తికి కేంద్రంగా ఎదిగిన తీరును గుర్తించగలుగుతారు.
• 1984 తరువాత వచ్చిన చట్టాలు కార్మికుడికి ఏ సమాచార హక్కులు ఇచ్చాయో తెలుసుకుంటారు.
• ఈ రసాయనాన్ని సురక్షితంగా వాడే నియమాలను వాటి కారణాలతో సహా రాయగలుగుతారు.

1. పరిచయం

రసాయన శాస్త్ర చరిత్ర అనగానే మనకు కొత్త మూలకాలు, కొత్త చర్యలు, నోబెల్ బహుమతులు గుర్తుకు వస్తాయి. ఒక రసాయనాన్ని కనుక్కున్న తేదీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. దాని వల్ల మనిషికి ఏం జరుగుతుందో తెలిసిన తేదీ సాధారణంగా ఉండదు. ఆ తెలిసిన సంగతి సీసా మీద చీటీగా మారి, సీసా పట్టుకున్న మనిషి కంట పడిన తేదీని ఎవరూ రాసిపెట్టరు. ఈ మూడు తేదీల మధ్య దూరమే ఈ భాగంలోని విషయం.

ఇందుకు బ్రోమోబెంజీన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. బెంజీన్ వలయంలోని ఒక హైడ్రోజన్ స్థానంలో బ్రోమిన్ చేరితే వచ్చే ద్రవం ఇది. హాలోజన్ కలిగిన ఏరోమాటిక్ సమ్మేళనాలలో సరళమైన వాటిలో ఒకటి. డిగ్రీ, పీజీ ప్రయోగశాలల్లో చాలా మంది దీన్ని చూసే ఉంటారు. చూడడానికి నీళ్ళలా ఉంటుంది, వాసన కూడా అంత చెడ్డగా ఉండదు. అందువల్లనే దీని విషయంలో జాగ్రత్త తగ్గుతుంది.

ప్రాంతంగా ఉప్పల్, నాచారం ఎంచుకోవడానికి కారణం ఉంది. తార్నాక నుంచి ఉప్పల్ వెళ్ళే దారిలో దేశంలోని పేరున్న పరిశోధనా సంస్థలు ఉన్నాయి. అదే దారిలో హబ్సిగూడ కూడలి దగ్గర ఎడమకు తిరిగితే నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు వస్తాయి. జ్ఞానం తయారయ్యే చోటికీ, ఆ జ్ఞానం అవసరమైన చేతులు పనిచేసే చోటికీ మధ్య కొద్ది కిలోమీటర్లు మాత్రమే. మా సంప్రదింపు తరగతులకు వచ్చిన విద్యార్థులలో ఎందరో ఈ వాడల్లో షిఫ్టు పని చేస్తూ చదువుకున్నవారే. ఈ పాఠం ముఖ్యంగా వారిని దృష్టిలో పెట్టుకొని రాసినది.

2. ప్రయోగశాలల్లోకి రాక: 1857 నుంచి 1912 వరకు

మైకేల్ ఫారడే 1825లో బెంజీన్‌ను వేరుచేశాడు. తరువాతి మూడు దశాబ్దాల్లో యూరప్ రసాయనవేత్తలు దాని మీద క్లోరిన్, బ్రోమిన్, నైట్రిక్ ఆమ్లం ప్రయోగించి చూడడం మొదలుపెట్టారు. స్కాట్లాండ్‌కు చెందిన ఆర్చిబాల్డ్ కూపర్ పారిస్‌లో వుర్ట్జ్ ప్రయోగశాలలో పనిచేస్తూ 1857లో బ్రోమోబెంజీన్‌ను వర్ణించాడు. కార్బన్ చతుస్సంయోజకత గురించి మరుసటి ఏడాది సొంతంగా ప్రతిపాదించినవాడు కూడా ఈ కూపరే. అప్పటికి బెంజీన్ నిర్మాణం ఎవరికీ తెలియదు. కెకూలే వలయ నిర్మాణాన్ని 1865లో ప్రతిపాదించాడు. అంటే బెంజీన్ ఆకారం తెలియక ముందే బ్రోమోబెంజీన్ సీసాలోకి వచ్చింది.

దాని విలువ అది ఇతర పదార్థాలకు మెట్టుగా ఉపయోగపడడంలో ఉంది. ఫిట్టిగ్ 1864లో బ్రోమోబెంజీన్‌ను, ఆల్కైల్ హాలైడ్‌ను సోడియంతో చర్య జరిపి బెంజీన్ వలయానికి పక్క గొలుసు అతికించే పద్ధతి చూపాడు. మీరు చదివే వుర్ట్జ్-ఫిట్టిగ్ చర్య ఇదే. ఫ్రాన్స్‌లో విక్టర్ గ్రిగ్నార్డ్ 1900లో ప్రకటించిన పద్ధతి దీనికి ఇంకా పెద్ద ద్వారం తెరిచింది. పొడి ఈథర్‌లో మెగ్నీషియం ముక్కలు వేసి బ్రోమోబెంజీన్ చుక్కలు చుక్కలుగా కలిపితే ఫినైల్ మెగ్నీషియం బ్రోమైడ్ వస్తుంది. దాని నుంచి ఆల్కహాల్‌లు, ఆమ్లాలు, ఎన్నో సమ్మేళనాలు తయారు చేయవచ్చు. ఈ పనికి గ్రిగ్నార్డ్ 1912లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ తరువాత గ్రిగ్నార్డ్ ప్రయోగం ప్రపంచమంతటా విద్యార్థుల పాఠ్యక్రమంలో చేరింది. దానితోపాటు బ్రోమోబెంజీన్ సీసా కూడా కళాశాల అలమారాలోకి వచ్చింది.

3. కాలేయం చెప్పిన సాక్ష్యం: 1879 నుంచి 1973 వరకు

ఈ ద్రవం శరీరంలో ఏమవుతుందన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. జర్మనీలో బౌమన్, ప్రోయిసె అనే శాస్త్రవేత్తలు కుక్కలకు బ్రోమోబెంజీన్ తినిపించి మూత్రాన్ని పరీక్షించారు. 1879లో వారు ప్రకటించిన ఫలితం విచిత్రంగా ఉంది. బ్రోమోబెంజీన్‌లో గంధకం లేదు. కాని మూత్రంలో వచ్చిన పదార్థంలో గంధకం ఉంది. దానికి మెర్కాప్ట్యూరిక్ ఆమ్లం అని పేరు వచ్చింది. అదే సంవత్సరం మాక్స్ యాఫె ఇలాంటి ఫలితాన్నే ప్రకటించాడు. శరీరం తన దగ్గర ఉన్న గంధకాన్ని ఖర్చుపెట్టి ఈ అతిథిని బయటకు పంపుతోందని దీని అర్థం. ఆ గంధకం సిస్టీన్ అనే అమైనో ఆమ్లం నుంచి వస్తుందని తరువాత తేలింది.

ఆ ఖర్చు ఎంతవరకు భరించగలదన్న ప్రశ్నకు జవాబు రావడానికి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో బెర్నార్డ్ బ్రోడీ, ఆయన సహచరులు 1970ల ఆరంభంలో ఎలుకల మీద పరిశోధనలు చేశారు. వారు చూపిన క్రమాన్ని ఇలా చెప్పుకోవచ్చు.

మొదటి మెట్టు: రక్తంలోకి చేరిన బ్రోమోబెంజీన్‌ను కాలేయంలోని ఎంజైములు ఆక్సీకరణం చేస్తాయి. నీటిలో కరగని పదార్థాన్ని కరిగేలా మార్చి బయటకు పంపాలన్నది వాటి పని.

రెండవ మెట్టు: ఈ మార్పు మధ్యలో ఎపాక్సైడ్ అనే చురుకైన పదార్థం పుడుతుంది. మూల రసాయనం కంటే ఇదే ప్రమాదకరం.

మూడవ మెట్టు: కాలేయంలో ఉండే గ్లూటాథయోన్ ఆ ఎపాక్సైడ్‌ను పట్టుకొని నిర్వీర్యం చేస్తుంది. బౌమన్ కాలంలో మూత్రంలో కనిపించిన గంధకం ఈ గ్లూటాథయోన్‌దే.

నాలుగవ మెట్టు: మోతాదు ఎక్కువైతే గ్లూటాథయోన్ నిల్వ అయిపోతుంది. అప్పుడు ఎపాక్సైడ్ కాలేయ కణాల ప్రోటీన్లకే అతుక్కుంటుంది. కణాలు చనిపోతాయి.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. నిల్వ ఉన్నంతసేపు పైకి ఏమీ కనిపించదు. నిల్వ తరిగిన తరువాత హాని ఒక్కసారిగా బయటపడుతుంది. “ఇన్నేళ్ళుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు” అనే మాట ఈ రసాయనం విషయంలో ఎందుకు చెల్లదో దీన్ని బట్టి అర్థమవుతుంది. మరో సంగతి: ఫీనోబార్బిటాల్ ఇచ్చిన ఎలుకలలో ఎంజైముల చురుకు పెరిగి హాని కూడా పెరిగింది. ఆహారం లేని జంతువుల కాలేయంలో గ్లూటాథయోన్ నిల్వ తక్కువగా ఉంటుంది. అంటే ఒకే మోతాదు అందరిలో ఒకే ఫలితాన్ని ఇవ్వదు.

బ్రోమోబెంజీన్ మీద నేర్చుకున్న ఈ పాఠం మరో చోట ప్రాణాలు నిలబెట్టింది. అదే పరిశోధకుల బృందం 1973లో పారాసిటమాల్ అధిక మోతాదు కూడా ఇదే దారిలో, అంటే గ్లూటాథయోన్‌ను తరిగించి, కాలేయాన్ని దెబ్బతీస్తుందని చూపింది. ఈ రోజు పారాసిటమాల్ ఎక్కువగా మింగినవారికి ఆసుపత్రిలో ఇచ్చే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఆ నిల్వను తిరిగి నింపడానికే.

అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2009లో వెలువరించిన సమీక్షలో బ్రోమోబెంజీన్ దెబ్బతీసే ప్రధాన అవయవం కాలేయమేనని పేర్కొంది. క్యాన్సర్ విషయంలో నిర్ణయానికి రావడానికి తగిన ఆధారాలు లేవని కూడా చెప్పింది. ఆధారాలు లేవంటే ప్రమాదం లేదని కాదు. విద్యార్థులు ఈ రెండింటినీ వేరుగా చదవడం నేర్చుకోవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
అ) మూత్రంలో కనిపించిన గంధకం ఎక్కడి నుంచి వచ్చింది?
ఆ) గ్లూటాథయోన్ నిల్వ అయిపోయిన తరువాత కాలేయంలో ఏం జరుగుతుంది?

4. ఉప్పల్ దారి, నాచారం దారి

4.1 పరిశోధనా సంస్థలు

హైదరాబాద్ సంస్థాన ప్రభుత్వం 1944లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనల కోసం కేంద్ర ప్రయోగశాలలను స్థాపించింది. డాక్టర్ హుసేన్ జహీర్ నాయకత్వంలో ఎదిగిన ఈ సంస్థ 1956లో కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి కిందకు వచ్చి ప్రాంతీయ పరిశోధనా ప్రయోగశాల అయింది. పాత తరం వారు ఇప్పటికీ ‘ఆర్ఆర్ఎల్’ అనే అంటారు. 1989లో దీనికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ అని పేరు మారింది. బొగ్గు, నూనెలు, రంగులతో మొదలైన పని క్రమంగా పురుగుమందులు, ఔషధాల వైపు మళ్ళింది.

ఈ దారిలోకి 1958లో కూనూరు నుంచి జాతీయ పోషకాహార సంస్థ వచ్చింది. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఏర్పడింది. 1977లో ఆర్ఆర్ఎల్‌లోనే ఒక విభాగంగా మొదలైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం తరువాత స్వతంత్ర జాతీయ ప్రయోగశాల అయింది. రసాయనాన్ని తయారు చేసేవారు, అది భూగర్భ జలంలో ఎలా కదులుతుందో చెప్పగలిగేవారు, అది కణాన్ని ఏం చేస్తుందో చూడగలిగేవారు, ఆహారంలో దాని జాడ వెదకగలిగేవారు, అందరూ ఒకే రోడ్డు మీద ఉన్నారు. ఇలాంటి అమరిక దేశంలో అరుదు.

4.2 పారిశ్రామికవాడ

1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏర్పడింది. నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి వాడల్లో చిన్న, మధ్యతరహా యూనిట్లు పెరిగాయి. యంత్ర భాగాలు, ఆహార పదార్థాలు, రంగులు, ప్లాస్టిక్, రసాయనాలు, మందులు, అన్నీ పక్కపక్కనే తయారయ్యేవి. కార్మికుల కోసం నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి వచ్చింది.

రసాయన, ఔషధ యూనిట్ల పెరుగుదలకు ఒక చట్టం తోడ్పడింది. 1970 పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి వచ్చింది. మందుకు కాక మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇవ్వడం దాని ముఖ్య లక్షణం. కొత్త పద్ధతి కనుక్కున్నవారు అదే మందును ఇక్కడ తయారు చేయవచ్చు. 1961లో స్థాపితమైన ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్‌లోని బాలానగర్ కర్మాగారంలో ఎందరికో రసాయన ఉత్పత్తి నేర్పింది. అక్కడా, ఉప్పల్ రోడ్డు ప్రయోగశాలల్లోనూ పని నేర్చినవారు నగరం చుట్టూ యూనిట్లలో చేరారు, కొందరు సొంతంగా పెట్టుకున్నారు.

4.3 పెరిగిన అవసరం

జపాన్ శాస్త్రవేత్త అకిరా సుజుకి 1979లో ప్రకటించిన చర్య ఏరోమాటిక్ బ్రోమైడ్‌ల ప్రాముఖ్యాన్ని ఒక్కసారిగా పెంచింది. పల్లాడియం ఉత్ప్రేరకంతో ఏరోమాటిక్ బ్రోమైడ్‌ను బోరానిక్ ఆమ్లంతో కలిపితే రెండు వలయాలు నేరుగా అతుక్కుంటాయి. లోసార్టాన్ వంటి రక్తపోటు మందులలో ఉండే జంట వలయాల నిర్మాణానికి ఇటువంటి చర్యలు పనికివచ్చాయి. సుజుకి, హెక్, నెగిషిలకు 2010లో నోబెల్ లభించింది.

ఆ సమయానికి ఉప్పల్, నాచారం ప్రాంతం మరో మలుపు తిరిగింది. ఐఐసీటీ డైరెక్టర్‌గా 1985 నుంచి 1995 వరకు పనిచేసిన డాక్టర్ ఏ.వి. రామారావు పదవీ విరమణ చేసి నాచారంలో అవ్రా లేబొరేటరీస్ స్థాపించారు. 2001లో మొదలైన జీవీకే బయోసైన్సెస్, 2021 నుంచి అరాజెన్ అనే పేరుతో, నాచారంలో పెద్ద పరిశోధనా ప్రాంగణం నడుపుతోంది. 2005 జనవరి నుంచి మన దేశంలో మందులకే పేటెంట్ ఇచ్చే విధానం వచ్చింది. విదేశీ కంపెనీల కోసం అణువులు తయారుచేసి ఇచ్చే ఒప్పంద పరిశోధన పెరిగింది. డిగ్రీ, పీజీ రసాయన శాస్త్రం చదివిన యువతీ యువకులు వేల సంఖ్యలో ఈ రంగంలో చేరారు. ఒకప్పుడు ఏడాదికి ఒకసారి ప్రాక్టికల్‌లో కనిపించిన బ్రోమోబెంజీన్ కుటుంబం వారికి రోజువారీ పనిముట్టు అయింది.

5. రిజిస్టర్‌లో లేని గడి

ఇక్కడ నా అనుభవం కొంత చెప్పవలసి ఉంది. 1980లలో నేను ఒక కళాశాలలో రసాయన శాస్త్రం బోధించేవాడిని. గ్రిగ్నార్డ్ ప్రయోగం రోజున అరలీటరు బ్రోమోబెంజీన్ సీసా బల్ల మీదికి వచ్చేది. దాని చీటీ పక్కనున్న ఆమ్లాల పొగకు సగం తినేసి ఉండేది. పిల్లలు వాసన చూసి గుర్తుపట్టేవారు, నేనూ అలాగే గుర్తుపట్టేవాడిని. మిగిలిన ద్రవాన్ని, ఫ్లాస్కులు కడిగిన ఈథర్‌ను సింకులో పోసి కుళాయి తిప్పేవాళ్ళం. గాజు సామాను కడిగే అటెండర్ చేతులు ఏడాది పొడుగునా పగిలి ఉండేవి. సబ్బు పడక అనుకున్నాం. ఆయన ఏ ద్రవాల్లో చేతులు పెడుతున్నాడో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళలో నేను ఒకడిని. 1879 నాటి ఫలితం గ్రంథాలయంలో ఉంది. 1970ల పరిశోధన పత్రికల్లో ఉంది. అది మా సింకు దాకా రాలేదు.

చాలా ఏళ్ళకు ఆ రోజుల స్టాకు రిజిస్టర్ మళ్ళీ చూసే అవకాశం దొరికింది. ప్రతి పేజీలో వచ్చినది, వాడినది, నిల్వ అని మూడు గడులు ఉన్నాయి. ఎన్ని మిల్లీలీటర్లు కొన్నామో, ఏ తరగతికి ఇచ్చామో సంతకాలతో సహా ఉంది. ‘వాడినది’ అని రాసిన తరువాత ఆ ద్రవం ఎక్కడికి పోయిందో రాయడానికి గడి లేదు. ఎవరి చేతుల మీదుగా పోయిందో రాయడానికి అసలే లేదు.

నాచారంలో పనిచేసే ఒక విద్యార్థి సంప్రదింపు తరగతిలో ఒక ప్రశ్న అడిగాడు. అతని యూనిట్‌లో డ్రమ్ముల మీద రసాయనం పేరు ఉండదట, వ్యాపార రహస్యమని అంకెలు మాత్రమే ఉంటాయట. రాత్రి షిఫ్టులో ఆ డ్రమ్ము తెరిచినప్పుడల్లా తల తిరుగుతోంది, డాక్టరు “ఏం పీల్చావు?” అని అడిగితే అతను అంకె చెప్పాడు. డాక్టరు దానితో ఏం చేయగలడు? “సార్, పేరు అడిగే హక్కు నాకు ఉందా?” అన్నాడు. ఉందని చెప్పాను. అయితే ఆ జవాబు చట్టంలోకి ఎలా వచ్చిందో తెలుసుకుంటేనే దాని విలువ తెలుస్తుంది.

చరిత్ర విద్యార్థులు దీన్ని ఆధారాల సమస్యగా కూడా చూడాలి. పేలుడు, మంటలు వార్తలవుతాయి, తేదీతో మిగులుతాయి. నెమ్మదిగా జరిగే హాని కాగితం మీదికి ఎక్కదు. కాగితం లేదు కాబట్టి హాని లేదని తరువాతి తరం అనుకుంటుంది.

6. చట్టంలోకి వచ్చిన సమాచారం

1984 డిసెంబర్ 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడినప్పుడు, చుట్టుపక్కల ప్రజలకు ఆ వాయువు పేరు, దాని స్వభావం తెలియవు. వైద్యులకూ సరైన సమాచారం అందలేదు. ఆ తరువాత వచ్చిన చట్టాలలో సమాచారం అన్న మాటకు కొత్త స్థానం దొరికింది.

1986: పర్యావరణ పరిరక్షణ చట్టం.

1987: ఫ్యాక్టరీల చట్టానికి సవరణ. ప్రమాదకర ప్రక్రియల గురించి కార్మికులకు, చుట్టుపక్కలవారికి తెలియజేయడం యజమాని బాధ్యత అయింది. కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉంచాలి. ప్రమాదం ముంచుకొస్తోందని అనిపిస్తే యజమాని దృష్టికి తెచ్చే హక్కు, తన పనికి సంబంధించిన ఆరోగ్య, భద్రతా సమాచారం పొందే హక్కు కార్మికుడికి వచ్చాయి.

1989: ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాలు. భద్రతా సమాచార పత్రం, చీటీ చట్టబద్ధమయ్యాయి. అదే ఏడాది ప్రమాదకర వ్యర్థాల నియమాలు కూడా వచ్చాయి. 2008లోనూ, 2016లోనూ వాటిని తిరిగి రాశారు.

2003: ఐక్యరాజ్యసమితి రసాయనాల వర్గీకరణ, చీటీల విధానాన్ని ప్రపంచానికంతటికీ ఒకటిగా ప్రచురించింది. బ్రోమోబెంజీన్ సీసా మీద కనిపించే మంట, ఆశ్చర్యార్థకం, చెట్టు-చేప గుర్తులు ఈ విధానంలోవే. భాష రానివారికి కూడా అర్థం కావాలన్నది వాటి ఉద్దేశం.

హైదరాబాద్‌కు మరో గుణపాఠం పశ్చిమాన ఉన్న పటాన్‌చెరు నుంచి వచ్చింది. అక్కడి పరిశ్రమల వ్యర్థజలాలు వాగులను, బావులను పాడుచేసిన వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. ప్రమాదకర వ్యర్థాల కోసం దుండిగల్‌లో ప్రత్యేక నిర్వహణ కేంద్రం 2001 నుంచి పనిచేస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి కాలుష్య పరిశ్రమలను బయటకు తరలించాలని 2013లో ప్రభుత్వం నిర్ణయించింది. షెడ్లు పోయి ఇళ్ళు వచ్చే చోట పాత రిజిస్టర్లలో లేని గడి మళ్ళీ ప్రశ్న అవుతుంది. ఈ నేలలో ఏం పోశారు?

ఈ ప్రశ్న బ్రోమోబెంజీన్ విషయంలో ఊహాజనితం కాదు. దాని సాంద్రత నీటి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. నీటిలో దాదాపు కరగదు. నేలలోకి ఇంకితే నీటి మీద తేలదు, అడుగుకు దిగుతుంది. హైదరాబాద్ గ్రానైట్ నేల. నీరు రాతి పగుళ్ళలో కదులుతుంది. బరువైన ద్రవం ఆ పగుళ్ళలోకి దిగితే తిరిగి తీయడం చాలా కష్టం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
అ) 1987 సవరణ కార్మికుడికి ఇచ్చిన రెండు హక్కులు పేర్కొనండి.
ఆ) సాంద్రత ఎక్కువైన ద్రవం భూగర్భ జలానికి ఎందుకు ప్రత్యేక సమస్య?

7. నేటి పద్ధతి: నియమం, కారణం

కారణం తెలియని నియమం ఎక్కువ రోజులు నిలవదు. అందుకే రెండూ కలిపి ఇస్తున్నాం.

పేరు, పత్రం: సీసా తెరవక ముందు చీటీ చదవాలి. వేరే సీసాలోకి మార్చితే పేరు, తేదీ వెంటనే రాయాలి. వాసన చూసి గుర్తుపట్టరాదు. ముక్కుకు వాసన తగిలిందంటే ఆవిరి అప్పటికే లోపలికి వెళ్ళినట్టే.

గాలి: ఫ్యూమ్ హుడ్‌లోనే వాడాలి. దీని ఆవిరి గాలి కంటే అయిదు రెట్లకు పైగా బరువు. కిటికీ తెరిచినంత మాత్రాన పోదు, నేలకు దగ్గరగా పరుచుకుంటుంది. దీనికి సోదర రసాయనమైన క్లోరోబెంజీన్‌కు అమెరికాలో పనిచోట గాలిలో 75 పీపీఎం అని చట్టబద్ధమైన పరిమితి ఉంది. బ్రోమోబెంజీన్‌కు అక్కడ అటువంటి అంకె లేదు. అంకె లేని చోట జాగ్రత్త పెరగాలి, తగ్గకూడదు.

వేడి: బ్రోమోబెంజీన్ 156 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. కాని 51 డిగ్రీల దగ్గరే నిప్పు అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, ఎండ తగిలే డ్రమ్ము పైభాగం ఆ స్థాయికి దగ్గరగా రావచ్చు. నీడలో, చల్లని చోట, ఆక్సీకరణ పదార్థాలకు దూరంగా ఉంచాలి. మండితే హైడ్రోజన్ బ్రోమైడ్ వంటి ఘాటైన వాయువులు వెలువడతాయి. శ్వాస రక్షణ లేనివారు మంట దగ్గరికి వెళ్ళరాదు.

గ్రిగ్నార్డ్ చర్య: ఇక్కడ అసలు ముప్పు ఈథర్, ఉష్ణం. ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది. చర్య మొదలు కావడం ఆలస్యమైతే విద్యార్థి విసిగి మొత్తం బ్రోమోబెంజీన్ పోసేస్తాడు. తరువాత చర్య ఒక్కసారి అందుకొని ఫ్లాస్కు పొంగుతుంది. చర్య మొదలైందని నిర్ధారించుకున్నాకే మిగతాది చుక్కలుగా కలపాలి. మంచుగడ్డల తొట్టె పక్కనే ఉండాలి.

చేతులు: పలుచని నైట్రైల్ తొడుగులు చిందిన చుక్క నుంచి కొద్దిసేపే కాపాడతాయి. హాలోజన్ ఉన్న ఏరోమాటిక్ ద్రవాలు వాటిలోంచి త్వరగా దూరుతాయి. తడిస్తే వెంటనే మార్చాలి. ఎక్కువసేపు పనికి వైటన్ తొడుగులు మేలు. కళ్ళద్దాలు తప్పనిసరి.

వ్యర్థం: సింకులో పోయరాదు. హాలోజన్ ఉన్న వ్యర్థాలకు వేరే డబ్బా ఉండాలి. మామూలు ద్రావణులతో కలిపితే మొత్తం డబ్బా ఖరీదైన, ప్రమాదకరమైన వ్యర్థం అవుతుంది. వీటిని 1100 డిగ్రీల సెల్సియస్ స్థాయిలో, తగిన ఏర్పాట్లున్న కొలిమిలోనే కాల్చాలి. తక్కువ వేడిలో, పెరట్లో తగలబెడితే మరింత విషపూరిత పదార్థాలు పుట్టవచ్చు.

చిందినప్పుడు: నిప్పు వనరులు ఆర్పి, పొడి ఇసుకతో పీల్చి, మూత ఉన్న డబ్బాలో వేయాలి.

ప్రథమ చికిత్స: చర్మం, కళ్ళు కనీసం 15 నిమిషాలు నీటితో కడగాలి. మింగితే వాంతి చేయించరాదు. ఆసుపత్రికి మనిషితోపాటు చీటీ లేదా భద్రతా పత్రం వెళ్ళాలి. ఆ రోజు బాగానే ఉన్నా కాలేయ పరీక్ష గురించి వైద్యుడిని అడగాలి. మూడవ విభాగంలో చెప్పుకున్నట్లు హాని ఆలస్యంగా బయటపడవచ్చు.

రిజిస్టర్: వచ్చినది, వాడినది, నిల్వ అనే మూడు గడులకు ‘వ్యర్థంగా పోయినది’, ‘పనిచేసినవారు’ అని మరో రెండు చేర్చండి. గాజు సామాను కడిగేవారి పేరు కూడా అందులో ఉండాలి. ఇందుకు ఖర్చు లేదు, ఒక గీత గీస్తే చాలు.

8. సారాంశం

బ్రోమోబెంజీన్ 1857లో వెలుగులోకి వచ్చింది. 1879లో దాని శరీర మార్గం గురించి మొదటి ఆనవాలు దొరికింది. 1970లలో హాని జరిగే తీరు స్పష్టమైంది. 1987, 1989లలో మన దేశంలో ఆ సమాచారం కార్మికుడికి చేరాలని చట్టం చెప్పింది. ఉప్పల్ దారిలో పరిశోధన, నాచారం దారిలో ఉత్పత్తి పక్కపక్కనే పెరిగాయి. అయినా జ్ఞానం తనంతట తాను రోడ్డు దాటలేదు. చట్టం, చీటీ, రిజిస్టర్, అడిగే కార్మికుడు, చెప్పే ఉపాధ్యాయుడు కలిస్తేనే అది చేరుతుంది.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిపర భద్రత కోడ్‌లో ఫ్యాక్టరీల చట్టాన్ని కలిపారు. చట్టాల పేర్లు మారుతుంటాయి. పేరు అడిగే హక్కు మాత్రం వాడితేనే ఉంటుంది. నన్ను ప్రశ్నించిన విద్యార్థి తరువాతి నెల తరగతికి వచ్చినప్పుడు డ్రమ్ము మీది అంకెకు అసలు పేరు ఒక కాగితం మీద రాసుకొని తెచ్చాడు. అడిగి తెలుసుకున్నానని చెప్పాడు. ఆ రోజు పాఠం ఆ కాగితంతోనే మొదలుపెట్టాం.

ముఖ్య పదాలు

గ్లూటాథయోన్: కాలేయంలో విష పదార్థాలను నిర్వీర్యం చేసే గంధక సమ్మేళనం.
ఎపాక్సైడ్: ఆక్సిజన్ ఉన్న మూడు పరమాణువుల చురుకైన వలయం.
ఫ్లాష్ పాయింట్: ద్రవం నిప్పు అంటుకునేంత ఆవిరినిచ్చే కనిష్ఠ ఉష్ణోగ్రత.
భద్రతా సమాచార పత్రం: రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు, చికిత్స వివరాలు తెలిపే పత్రం.

మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బ్రోమోబెంజీన్ కాలేయ హానిని శాస్త్రవేత్తలు తెలుసుకున్న క్రమాన్ని వివరించండి.
2. ఉప్పల్, నాచారం ప్రాంతం రసాయన కేంద్రంగా ఎదగడానికి తోడ్పడిన కారణాలను చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నెమ్మదిగా జరిగే హానికి చారిత్రక ఆధారాలు ఎందుకు తక్కువ?
2. హాలోజన్ ఉన్న వ్యర్థాలను వేరుగా ఉంచడానికి కారణాలు ఏమిటి?
3. మీరు చదివిన లేదా పనిచేసిన ప్రయోగశాలలోని స్టాకు రిజిస్టర్‌ను పరిశీలించి, అందులో ఏ గడులు ఉన్నాయో, ఏవి లేవో రాయండి.